తన ముద్ద తానే

రెండేళ్ళ పిల్లవాడికి వృత్తి యేమిటి, వుద్యోగం యేమిటి? ‘ఆక్యుపేషనల్ థెరపీ’ అన్న మాట మొదటిసారి చెవిని పడినప్పుడు చాలామంది తల్లిదండ్రులు యిలాగే తెల్లబోతారు. ఆక్యుపేషన్ అంటే మనకు తెలిసిన అర్థం జీవనోపాధి. దరఖాస్తు కాగితాల మీద పూర్తిచేసే ఒక గడి. కాని ఈ చికిత్సకు ఆ పేరు పెట్టినవారి వుద్దేశం వేరు. మనిషి పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకోబోయేదాకా తన కాలాన్ని యే పనులతో నింపుకుంటాడో, అవన్నీ వారి లెక్కలో ఆక్యుపేషన్లే. ఆ లెక్కన రెండేళ్ళ పిల్లవాడికి చేతినిండా పని వున్నది. తినాలి, తాగాలి, లాగు తొడుక్కోవాలి, నీళ్ళు పోయించుకోవాలి, ఆడుకోవాలి, అలగాలి, అమ్మ కొంగు పట్టుకొని యిల్లంతా తిరగాలి. మధ్యలో తీరిక దొరికితే అన్నగారి పుస్తకం చింపాలి.

ఈ పనులు కొందరు పిల్లలకు వయసు వచ్చినా చేతగావు. మెదడుకు పురిటిలోనో, అంతకు ముందో దెబ్బ తగిలి కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయే పిల్లలున్నారు. దీనిని సెరిబ్రల్ పాల్సీ అంటారు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టి, వొళ్ళు మెత్తగా జారిపోయినట్లుండే పిల్లలున్నారు. చూపు కలపక, పిలిస్తే పలకక, తమ లోకంలో తాము వుండే ఆటిజం పిల్లలున్నారు. యే పేరూ పెట్టడానికి వీలులేకుండా, అన్నీ కొంచెం కొంచెం ఆలస్యమయ్యే పిల్లలు అంతకంటె యెక్కువగా వున్నారు.

ఇలాంటి పిల్లలు అరుదు అనుకోవడం పొరపాటు. మన దేశంలో అయిదు చోట్ల 3,964 మంది పిల్లలను పరీక్షించి చేసిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2018లో ప్రకటించారు. ఆ అయిదు చోట్లలో మన హైదరాబాదు ఒకటి. రెండేళ్ళనుంచి ఆరేళ్ళలోపు పిల్లలలో నూటికి 9.2 మందికి, ఆరునుంచి తొమ్మిదేళ్ళ వారిలో నూటికి 13.6 మందికి, వినికిడి లోపం, మూర్ఛ మొదలైన వాటిని కూడా కలుపుకొని, మెదడు, నరాల యెదుగుదలకు సంబంధించిన యేదో ఒక యిబ్బంది వున్నట్లు తేలింది. అంటే మన వీధిలోనే, మన బంధువుల యిళ్ళలోనే ఈ పిల్లలు వున్నారన్నమాట. మనకు కనిపించకపోవడానికి కారణం, చాలాసార్లు, వారిని మనకు చూపించకపోవడమే.

యెనభైనాలుగు గంటల లెక్క

సంగారెడ్డి జిల్లాలో హత్నూర ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టకముందు అది మెదక్ జిల్లాలో వుండేది. ఒకవైపు పొలాలు, మరొకవైపు మందుల ఫ్యాక్టరీలు. పటాన్‌చెరువు, సంగారెడ్డి చుట్టూ పెరిగిన పరిశ్రమలు ఈ పల్లెల జీవితాన్ని షిఫ్టుల లెక్కకు మార్చివేశాయి. తండ్రి ఒక వారం పగలు, ఒక వారం రాత్రి పనికి పోతాడు. తల్లికూడా పనికి పోయే యిళ్ళున్నాయి. బిడ్డ నాయనమ్మ దగ్గర వుంటుంది. దూర రాష్ట్రాలనుంచి పనికోసం వచ్చిన కుటుంబాలకైతే ఆ నాయనమ్మ కూడా వుండదు.

అటువంటి యింట్లో ఒక బిడ్డకు రెండేళ్ళు నిండినా నడక రాలేదు అనుకోండి. “మా పిల్లగానికి నడక వస్తదా సారూ?” అని తల్లి డాక్టరుని అడుగుతుంది. ఆయన ఆక్యుపేషనల్ థెరపీ చేయించమంటాడు. పట్నానికి పోవాలి. నర్సాపూరు మీదుగా బాలానగరు చేరి, అక్కడనుంచి మళ్ళీ మరొక బండి పట్టుకోవాలి. పిల్లను చంకనేసుకొని, సంచీలో పాలసీసా, మారుబట్టలు పెట్టుకొని బయలుదేరితే ఒక రోజు కూలి పోయినట్లే. అక్కడ బిడ్డకు దొరికేది ఒక అరగంటో, ముప్పావుగంటో. తలుపు వేస్తారు. తల్లి బయట బెంచీమీద కూర్చుంటుంది. తలుపు తీసి బిడ్డను చేతికిస్తారు. “వచ్చేవారం మళ్ళీ రండి.”

ఇప్పుడు చిన్న లెక్క వేసి చూద్దాం. ఈ యీడు పిల్లలు రోజుకు పన్నెండు గంటలు మెలకువగా వుంటారనుకుంటే, వారానికి 84 గంటలు. అందులో అరగంట థెరపిస్టుగారి చేతిలో గడిచింది. మిగిలిన ఎనభైమూడున్నర గంటలు యెవరి చేతిలో గడుస్తాయి? తల్లి చేతిలో, తండ్రి చేతిలో, నాయనమ్మ వొళ్ళో, అక్క చంకలో. ఆ అరగంటలో యెంత నిపుణుడైనా యేం చేయగలడు? ఆ ఎనభైమూడున్నర గంటలను మంచి దారిన పెట్టగలిగితే యెంత పని జరుగుతుంది? ‘కుటుంబం కేంద్రంగా’ సాగే చికిత్స అంతా ఈ ప్రశ్నలోనే వున్నది.

పేరు వెనక కథ

ఆక్యుపేషనల్ థెరపీ మొదట పిల్లలకోసం పుట్టలేదు. అమెరికాలో 1917లో ఈ వృత్తివారు ఒక సంఘంగా యేర్పడ్డారు. మొదటి ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న సైనికులకు నేత, వడ్రంగం వంటి చేతిపనులు నేర్పి, వారి దేహాన్నీ, మనసునూ తిరిగి పనిలో పెట్టడం అప్పటి వారి పద్ధతి. మన దేశానికి ఈ విద్య తెచ్చినామె కమలా నింబ్కర్. ఆమె పుట్టింది అమెరికాలో, మెట్టింది బొంబాయిలో. 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో ఆమె ప్రారంభించిన శిక్షణాలయం ఆసియా ఖండంలోనే మొదటిదని చెబుతారు. 1952లో అఖిల భారత ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘం యేర్పడింది. అదే యేడు పది దేశాల సంఘాలు కలిసి ప్రపంచ సమాఖ్యను స్థాపించినప్పుడు ఆ పదింటిలో మన దేశం కూడా వున్నది.

మన జంటనగరాలలో ఈ రంగానికి మంచి చరిత్రే వున్నది. బుద్ధి వికాసం తక్కువైన పిల్లల కోసం ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లో హైదరాబాదులో వెలసింది. సికిందరాబాదులో ‘స్వీకార్’ 1977లో మొదలైంది. 1984లో కేంద్ర ప్రభుత్వం ఈ పిల్లలకోసం ఒక జాతీయ సంస్థను పెట్టదలచి, అందుకు సికిందరాబాదు బోయినపల్లిని యెన్నుకొన్నది. దాని ఆవరణ పేరే మనోవికాస్ నగర్. ఆ సంస్థను చాలాకాలం ఎన్.ఐ.ఎం.హెచ్. అన్న పొడి అక్షరాలతో పిలిచేవారు. ఇప్పుడు పేరు మారి ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అయింది. అక్షరాలు మారినా బస్సు దిగేచోటు మాత్రం మారలేదు.

ఈ సంస్థ చేసిన పనులలో మన విషయానికి దగ్గరగా వున్నది ఒకటి చెప్పాలి. దూరపు వూళ్ళనుంచి వచ్చే తల్లిదండ్రులు బిడ్డతో సహా ఆవరణలోనే కొన్నాళ్ళు మకాం వుండడానికి అక్కడ కుటీరాలు కట్టారు. బిడ్డను అక్కడ వదిలి వెళ్ళడానికి కాదు. తల్లీ తండ్రీ దగ్గరుండి నేర్చుకొని, ఆ విద్యను తమ యింటికి తీసుకొనిపోవడానికి. పళ్ళు తోమడం, స్నానం, బట్టలు తొడుక్కోవడం, అన్నం తినడం, దొడ్డికి కూర్చోవడం, వీటిని మెట్లు మెట్లుగా నేర్పే చిన్న పుస్తకాలను కూడా ఆ సంస్థవారు తల్లిదండ్రులకోసం వేశారు. 2021 జూన్ 17న దేశంలో 14 చోట్ల ప్రారంభమైన, ఆరేళ్ళలోపు పిల్లల సత్వర చికిత్సాకేంద్రాలలో ఒకటి ఇక్కడే వున్నది.

నేర్పవలసింది యెవరికి?

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో పోర్టేజ్ అనే చిన్న వూరున్నది. చుట్టూ పల్లెలు, పిల్లలను రోజూ ఒకచోటికి తేవడం కుదరని పని. 1969లో అక్కడివారు తిరగేసి ఆలోచించారు. పిల్లలు రాలేకపోతే మనమే పోదాం అన్నారు. వారానికి ఒకసారి ఒక మనిషి యింటికి వెళ్ళి, తల్లికి ఒకటి రెండు చిన్న పనులు చూపించి, వారంరోజులు బిడ్డచేత చేయించమని చెప్పి, మళ్ళీ వారం వచ్చి చూసేవారు. ఈ పద్ధతి తరువాత యెన్నో దేశాలకు పాకింది. మన పల్లెల స్థితికి యింతకంటె దగ్గరగా వున్న పద్ధతి యేముంటుంది?

ఇది వట్టి మంచిమాట కాదు, పరీక్షకు నిలిచిన మాట. ఆస్ట్రేలియాలో 2009లో సెరిబ్రల్ పాల్సీ వున్న 36 మంది బడియీడు పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కొందరి తల్లిదండ్రులకు, వారు కోరుకున్న లక్ష్యాలనే తీసుకొని, యింట్లో చేయవలసిన కార్యక్రమం నేర్పారు. మిగిలినవారికి అది యివ్వలేదు. యెనిమిది వారాలయ్యేసరికి యింటి కార్యక్రమం చేసిన పిల్లలు స్పష్టంగా ముందున్నారు. ఆ తల్లిదండ్రులు ఇందుకు వెచ్చించినది యెంత అనుకున్నారు? సగటున నెలకు పదిహేడు పద్ధెనిమిదిసార్లు. సారికి పదహారు నిమిషాల చిల్లర. పప్పు వుడికేపాటి కాలం.

మన పక్కనే మరొక ప్రయోగం జరిగింది. గోవాలోనూ, పాకిస్తానులోని రావల్పిండిలోనూ ఆటిజం వున్న 65 మంది పిల్లల కుటుంబాలను తీసుకొన్నారు. బిడ్డ చూపు యెటు పోతోందో గమనించి, బిడ్డ ఆటలోకి తామే దిగి, తొందరపెట్టకుండా మాట కలపడం తల్లిదండ్రులకు నేర్పారు. నేర్పినవారు పెద్ద డాక్టర్లు కారు. తర్ఫీదు పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. తల్లి మాటకూ బిడ్డ చేష్టకూ పొంతన కుదరడం యెక్కువైందనీ, బిడ్డ తనంతట తాను పలకరించడం పెరిగిందనీ 2016లో ప్రకటించిన ఫలితాలు చెప్పాయి.

కాబట్టి మంచి థెరపిస్టు మొదట అడిగే ప్రశ్న “పిల్లవాడికి యేం జబ్బు?” అన్నది కాదు. “మీ యింట్లో పొద్దుటినుంచి రాత్రిదాకా యేది అన్నిటికన్నా కష్టంగా వున్నది?” అని అడుగుతారు. ఒక తల్లి, “అన్నం పెట్టడానికి గంటన్నర పడుతోందండీ” అంటుంది. మరొక తల్లి, “తల దువ్వబోతే కేకలు వేస్తాడు, పక్కింటివాళ్ళు నేను కొడుతున్నాననుకుంటున్నారు” అంటుంది. ఒక తండ్రి, “పెళ్ళిళ్ళకు పోవడం మానేశాం” అంటాడు. అక్కడినుంచి చికిత్స మొదలవుతుంది. లక్ష్యం చిన్నదిగా, కంటికి కనిపించేదిగా వుంటుంది. ‘ఆరువారాల్లో గ్లాసు రెండు చేతులా పట్టుకొని తాగాలి’ అన్నది లక్ష్యం. ‘బాగుపడాలి’ అన్నది లక్ష్యం కాదు, అది మొక్కు.

వంటయింట్లో, పెరట్లో

ఇక యింట్లో యేం చేస్తారు? కొన్ని వుదాహరణలు చెబుతాను. ఇవి బిడ్డను చూడకుండా వేసుకొనే మందులు కావు. యే బిడ్డకు యేది తగునో చూసి చెప్పవలసింది థెరపిస్టే. కాని ఈ చికిత్స యెంత మన యింటిలోనిదో తెలియడానికి ఇవి చాలు.

ముందు ముద్ద సంగతి. మెడ నిలవని బిడ్డను వొళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి గొంతులో పోయడం మన యిళ్ళలో కద్దు. అది ప్రమాదం. పొలమారి, తిన్నది వూపిరితిత్తుల్లోకి పోతుంది. మాటిమాటికీ వచ్చే దగ్గు, జ్వరాలకు అది ఒక కారణం. వీపుకు ఆనుపు, పాదాల కింద పీట, తల కొంచెం ముందుకు. ఇలా కూర్చోబెడితే మింగడం తేలిక. నీళ్ళలాంటి జావకంటె కాస్త చిక్కటిది చాలామందికి నయం. చెంచా పిడికి పాతగుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు దొరుకుతుంది. పళ్ళెం కింద తడిగుడ్డ పరిస్తే జారదు. అంచు లోతుగా వున్న గిన్నె అయితే అన్నం బయటికి పోదు. ఈ పరికరాలకు దుకాణానికి పోనక్కరలేదు.

నేర్పడంలో ఒక కిటుకు వున్నది: చివరినుంచి మొదలుపెట్టడం. ముద్ద కలిపి, చేతిలో పెట్టి, చెయ్యి నోటిదాకా తీసుకొనిపోయి, ఆఖరి అంగుళం దగ్గర తల్లి తన చేయి వదులుతుంది. ఆ అంగుళం బిడ్డ సొంతం. రేపు రెండంగుళాలు. లాగు తొడగడం కూడా అంతే. మోకాళ్ళదాకా మీరు యెక్కించి, నడుముకు లాక్కొనే పని పిల్లవాడికి వదలండి. పని పూర్తిచేసిన గెలుపు ప్రతిసారీ వాడిదే అవుతుంది. మొదటినుంచి మొదలుపెడితే ప్రతిసారీ వోటమి వాడిది, పూర్తిచేయడం మీది. ఒక చేయి బిగుసుకున్న పిల్లలకు చొక్కా తొడిగేటప్పుడు ఆ చేతికి ముందు. విప్పేటప్పుడు దానికి ఆఖరు. ఈ చిన్న సూత్రం తెలిస్తే రోజూ జరిగే యేడుపు సగం తగ్గుతుంది.

కాళ్ళు కత్తెరలా పెనవేసుకొనే బిడ్డను చేతులమీద పడుకోబెట్టి మోయడం కన్నా, మన ఆడవాళ్ళ పాత అలవాటు ప్రకారం చంకన యెత్తుకోవడమే మేలు. నడుముకు అటూయిటూ కాళ్ళు విడివడతాయి, వీపు నిలుస్తుంది, లోకం కనిపిస్తుంది. నడక నేర్చే పిల్లలకు మన వడ్రంగులు చేసే మూడుచక్రాల నడకబండి మంచిదే, ఎందుకంటే బిడ్డ నిలబడి తోస్తుంది. కుర్చీలాగ మధ్యలో కూలేసే చక్రాల వాకరు వేరు. దానివల్ల నడక త్వరగా రాదు, ప్రమాదాలు మాత్రం వస్తాయి. కెనడా ప్రభుత్వం 2004లో దాని అమ్మకాన్నే నిషేధించింది.

చేతివేళ్ళ పనికి వంటయిల్లే బడి. రొట్టెలు చేసేటప్పుడు జొన్నపిండి ముద్ద ఒకటి చేతికి యివ్వండి. చిక్కుడుకాయలు గిల్లేటప్పుడు, మక్కకంకి వొలిచేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి. గింజలు నోట్లోనూ ముక్కులోనూ వేసుకొనే యీడు గనుక కన్ను తిప్పకూడదు. చెమ్మచెక్క ఆడితే రెండు చేతులూ ఒకదాని వైపుకు ఒకటి దాటి పోతాయి. దాగుడుమూతల్లో తన వంతు వచ్చేదాకా ఆగడం వస్తుంది. గుజ్జనగూళ్ళలో వంట వండి వడ్డించడం వస్తుంది. మన పాత ఆటలు వుత్త కాలక్షేపం కాదు, వాటిలో చాలా శాస్త్రం యిమిడి వున్నది.

కొందరు పిల్లలకు మిక్సీ చప్పుడు వింటే ప్రాణం పోయినంత భయం. కొందరు మెత్తటి తిండి ముట్టరు. కొందరికి చొక్కా మెడలో గుచ్చుకొనే చిన్న చీటీ చాలు, రోజంతా పాడు. ఇది మొండితనం కాదు. ఆ పిల్లల మెదడు చప్పుడునూ, స్పర్శనూ అందుకొనే తీరు వేరు. 1972లో జీన్ ఎయర్స్ అనే అమెరికన్ థెరపిస్టు ఈ విషయమై రాసిన గ్రంథం తరువాత ఇందుకు వూయలలు, బంతులతో పెద్ద చికిత్సే పెరిగింది. దాని ఫలితం గురించి నిపుణుల్లో ఇంకా వాదోపవాదాలున్నాయి. కాని, మిక్సీ వేయబోయేముందు “ఇప్పుడు చప్పుడవుతుంది” అని చెప్పడం, చీటీ కత్తిరించివేయడం, పొద్దుటి పనులను వరసగా బొమ్మలు గీసి గోడకు అంటించడం, వీటికి వాదం అక్కరలేదు. చేసి చూస్తే తెలుస్తుంది.

తల్లి మెడకు మరొక గుదిబండా?

ఇక్కడ ఒక ఆక్షేపణ వున్నది. అది న్యాయమైనది కూడా. “వంట, పని, అత్తమామల సేవ, పెద్దపిల్లవాడి హోమ్‌వర్కు, ఇప్పుడు డాక్టరు పని కూడా తల్లే చేయాలా?” అని.

కుటుంబం కేంద్రం అంటే భారమంతా తల్లి నెత్తిన దింపడం అని అర్థం చేసుకొన్నచోట ఈ పద్ధతి చెడిపోయింది. రోజుకు యిరవై వ్యాయామాల జాబితా చేతికిచ్చి పంపే థెరపిస్టు ఆ తల్లికి మేలు చేయడంలేదు. రాత్రి పడుకోబోయేముందు ఆమె తలచుకొని కుమిలిపోవడానికి యిరవై కారణాలు చేతికిస్తున్నాడు. నేర్పవలసింది కొత్తపని కాదు. ఎలాగూ చేస్తున్న పనిని కొంచెం మార్చి చేయడం. స్నానం ఎలాగూ చేయిస్తారు. ఆ స్నానంలో చెంబు బిడ్డచేత పట్టించడం, అంతే.

కుటుంబం అంటే తండ్రి కూడా. రెండో షిఫ్టుకు పోయే తండ్రి మధ్యాహ్నందాకా యింట్లోనే వుంటాడు. ఆ వారం స్నానం, చొక్కా అతని వంతు కావచ్చు. పట్నంలో ఆఫీసుకు పోయే తండ్రికి ఆదివారం పొద్దున్న అంగడికి పోయి, బిడ్డచేత టమాటాలు యేరించి సంచీలో వేయించే తీరిక వుంటుంది. తాతగారు పేపరు చదువుతూ వొళ్ళో బిడ్డను బోర్లా వేసుకోవచ్చు. అన్నదమ్ములు ఆడేచోట వీడిని కూడా ఆటలో అరటిపండుగానైనా కలుపుకోవాలి.

అన్నిటికన్నా ముందు మానుకోవలసిన పని ఒకటున్నది. బిడ్డకు యేదైనా లోపం వుంటే మన యిళ్ళలో మొదట లేచే ప్రశ్న, తప్పు యెవరిదని. గ్రహణంనాడు బయట తిరిగింది. శకునం చూడకుండా ప్రయాణం చేసింది. వాళ్ళ వంశంలోనే వుంది. ఈ మాటలు పడ్డ తల్లి బిడ్డను నలుగురిలోకి తీసుకురాదు. డాక్టరుకు చూపించడం కూడా దాచి చేస్తుంది. సంవత్సరాలు గడుస్తాయి. మెదడు యెంతో వేగంగా పెరిగే మొదటి మూడేళ్ళు ఆ మౌనంలో కరిగిపోతాయి. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. ఆ మౌనానికి మాత్రం సంబంధం వున్నది.

యెప్పుడు అనుమానించాలి?

రెండో రకం ఆలస్యం ప్రేమవల్ల జరుగుతుంది. “మగపిల్లలు ఆలస్యంగానే మాట్లాడతారమ్మా. వీళ్ళ నాన్నకు మూడేళ్ళకు గాని మాట రాలేదు” అంటారు అత్తగారు. ఆ మాట కొన్నిసార్లు నిజం కూడా అవుతుంది. అందుచేతనే అది ప్రమాదం.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు భారతదేశంతో సహా అయిదు దేశాల పిల్లలను గమనించి 2006లో ప్రకటించిన కొలతల ప్రకారం, ఆరోగ్యమైన బిడ్డ ఆనుపు లేకుండా కూర్చోవడం నాలుగోనెలనుంచి తొమ్మిదోనెల దాటేలోపు యెప్పుడైనా జరగవచ్చు. తనంతట నడవడం యెనిమిదోనెల తరువాతనుంచి పదిహేడున్నర నెలల లోపల. చేతులమీదా మోకాళ్ళమీదా పాకకుండానే నేరుగా నడిచేసే పిల్లలు కూడా నూటికి నలుగురున్నారు. కాబట్టి పక్కింటి బిడ్డతో పోటీ పెట్టి బెంగపడనక్కరలేదు. కాని హద్దు దాటితే వూరుకోకూడదు.

రెండు మూడు నెలలకు మొహం చూసి నవ్వకపోతే, నాలుగైదు నెలలకు మెడ నిలవకపోతే, పదినెలలకు కూర్చోకపోతే, ఏడాదికి పిలిస్తే తిరిగి చూడకపోతే, ఏడాదిన్నరకు నడకగాని ఒక్క మాటగాని రాకపోతే, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోతే చూపించాలి. ఏడాది నిండకముందే ఒకే చేయి వాడుతూ రెండో చేయి పిడికిలి బిగించివుంటే, ‘అబ్బ, అప్పుడే కుడిచేతివాటం’ అని ముచ్చటపడక చూపించాలి. వచ్చిన మాట, వచ్చిన నడక పోయిందంటే ఒక్కరోజు కూడా ఆగకూడదు. నెలలు నిండకుండా పుట్టినవారికి, పుట్టవలసిన తేదీనుంచి వయసు లెక్కవేయాలి.

యెవరి తలుపు తట్టాలి?

ముందు మన వూరి తలుపే. 2018లో వచ్చిన పథకం ప్రకారం ఆశా కార్యకర్త బిడ్డకు 3, 6, 9, 12, 15 నెలలు వచ్చినప్పుడు యింటికి వచ్చి చూడాలి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లలను పరీక్షించాలి; యెదుగుదలలో ఆలస్యం వారు చూడవలసిన 30 అంశాలలో చేరివున్నది. అక్కడినుంచి జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపడం ఆ పథకంలోని యేర్పాటు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలను గుర్తించడం, మిగతా పిల్లలతో కలిపి కూర్చోబెట్టడం, కుటుంబానికి తోడు నిలవడం అంగన్‌వాడీ టీచరు విధులని 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నియమావళి విడుదల చేసింది. బడియీడు వచ్చినవారికి అనేక మండలాల్లో ‘భవిత’ కేంద్రాలున్నాయి. ఈ తలుపుల వెనక యెప్పుడూ మనిషి వుంటాడని కాదు. కాని అడిగేవారు లేని పథకం కాగితంలోనే నిద్రపోతుంది. అడగడం మన హక్కు.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు వున్నవారికి నేషనల్ ట్రస్టువారి ‘నిరామయ’ బీమా పథకం లక్ష రూపాయలదాకా వర్తిస్తుంది. థెరపీ ఖర్చు కూడా అందులో చేరుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆరునుంచి పద్ధెనిమిదేళ్ళ వరకు దగ్గరి బడిలోనే వుచితంగా చదువుకొనే హక్కు యిచ్చింది.

డబ్బుపెట్టి ప్రైవేటు కేంద్రానికి పోయేవారు మూడు ప్రశ్నలు తప్పక అడగాలి. మీరు చదివిన డిగ్రీ యేమిటి? నేను లోపల కూర్చొని చూడవచ్చునా? ఈ వారం నేను యింట్లో యేం చేయాలి? రెండో ప్రశ్నకు మొహం చిట్లించేచోట, మూడో ప్రశ్నకు జవాబు లేనిచోట ఆలోచించుకోండి. “ఆరునెలల్లో పూర్తిగా నయం చేస్తాం” అన్నవారి దగ్గర మాత్రం ఆలోచన కూడా అక్కరలేదు, లేచి రండి. ఆటిజానికి మూలకణాల చికిత్స అంటూ లక్షలు గుంజేవారు బయలుదేరారు. అది సిఫారసు చేయదగినది కాదని, అలా చేయడం వృత్తిధర్మానికి విరుద్ధమని 2022 డిసెంబరులో జాతీయ వైద్య కమిషన్ తేల్చిచెప్పింది.

మరి ఈ యింటి చికిత్సవల్ల బిడ్డ అందరిలాగ అయిపోతాడా? కొందరు చాలాదూరం వస్తారు. కొందరికి జీవితమంతా తోడు కావాలి. ఆ తేడా తల్లి పడిన శ్రమలో లేదు, బిడ్డకు తగిలిన దెబ్బలో వున్నది. కాబట్టి ఫలితం తక్కువైందని యే తల్లీ తనను తాను నిందించుకోనక్కరలేదు. అయినా ఒకటి మాత్రం నిజం. పదేళ్ళ బిడ్డ తన ముద్ద తాను తినగలిగితే, తన చొక్కా తాను తొడుక్కోగలిగితే, ఆకలి వేసిందని చేతితోనైనా చూపగలిగితే, ఆ యింటి రోజు మారిపోతుంది. తల్లి ఒక పూట పుట్టింటికి పోయి రాగలదు. తండ్రి పెళ్ళికి పిలుపు వస్తే బిడ్డను వెంటబెట్టుకొని వెళ్ళగలడు. “మా తరువాత వీడి గతేమిటి?” అని రాత్రిళ్ళు నిద్రపట్టనివ్వని ఆ ప్రశ్న పూర్తిగా పోకపోయినా, దాని బరువు సగమవుతుంది. పదహారు నిమిషాలకు అంతకంటె ఎక్కువ ఫలం అడగడం అత్యాశ. అంతకంటె తక్కువతో సరిపెట్టుకోవడం అన్యాయం.